హెడ్‌లైట్ మార్చాక మొదలైన కరెంటు తిప్పలు: ఒక బైకు, మూడు ఫాల్టులు

ఈ బైకు నా దగ్గరికి వచ్చేసరికే దానికి కొత్త బ్యాటరీ పడింది, కొత్త ఆర్ఆర్ యూనిట్ (కాయిల్ ఇచ్చే ఏసీని డీసీగా మార్చి ఓల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ రెక్టిఫైయర్) పడింది, ఒక బల్బు హోల్డర్ కరిగిపోయి ఇంకోటి పడింది, ఇంత చేసినా కంప్లైంట్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. సింగిల్ సిలిండర్ బండి, సెల్ఫ్ స్టార్ట్, 12 ఓల్టుల 9 ఆంపియర్ అవర్ బ్యాటరీ. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 35/35 వాట్స్ బల్బు ఉండేది. ఓనర్ రాత్రిళ్లు ఎక్కువ తిరుగుతారు, వెలుతురు చాలట్లేదని 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్ డూమ్, అందులో 60/55 వాట్స్ (హై బీమ్ 60, లో బీమ్ 55) హెచ్4 హాలోజెన్ బల్బు, చుట్టూ ఒక ఎల్ఈడీ రింగు పెట్టించుకున్నారు. పెట్టించిన వారం నుంచి తిప్పలు మొదలు.

ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకున్నా, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో సగం జవాబు కస్టమర్ మాటల్లోనే ఉంటుంది. "అన్నా, వాట్స్ పెంచితే లైటు పెరగాలి కదా, పాతదాని కన్నా పెద్ద తేడా ఏం లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంకా డల్ అయిపోతుంది. ఇండికేటర్ వేస్తే దాంతో పాటే హెడ్‌లైట్ కూడా కొట్టుకుంటుంది. ఒక్కోసారి లో బీమ్‌లోనే ఉంటా కానీ మీటర్‌లో నీలం లైటు సన్నగా వెలుగుతుంది. రెండు రోజులు బండి తియ్యకపోతే సెల్ఫ్ కొట్టదు." నీలం లైటు ఎప్పుడు వెలుగుతుందన్నా అని అడిగితే కాసేపు ఆలోచించి, పార్కింగ్‌లో తిప్పుకునేటప్పుడు ఎక్కువ కనిపిస్తుంది అన్నారు. ఆ మాట అప్పుడు నేను సరిగ్గా పట్టించుకోలేదు, పట్టించుకుని ఉంటే ఒక పూట మిగిలేది.

బండి తెచ్చిన రోజు పొద్దున బ్యాటరీ 12.1 చూపించింది, అంటే సగానికి కొంచెం అటూ ఇటూ చార్జ్. సగం చార్జ్ బ్యాటరీ మీద చేసిన టెస్టుల్ని నేను నమ్మను, అందుకే రాత్రంతా చార్జర్ మీద పెట్టా. మర్నాడు 12.7 నిలబడింది. ఇంజిన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్ వేసి బ్యాటరీ టెర్మినల్స్ మీద చూస్తే ఐడ్లింగ్‌లో 12.4, రైజ్ చేసి 5000 ఆర్‌పీఎం దగ్గర 13.6. ఐడ్లింగ్‌లో 12.4 చూడగానే నా బుర్ర కూడా అందరి బుర్రలాగే చార్జింగ్ వైపే పరుగెత్తింది. స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్) కప్లర్ ఊడదీసి మూడు వైర్ల మధ్య ఏసీ ఓల్టేజ్ చూశా, 4000 దగ్గర 52, 52, 51. మూడూ సమానం. ఏ వైరు నుంచి కూడా బాడీకి కంటిన్యుటీ (కరెంటు పారే దారి) లేదు, అంటే కాయిల్ ఇన్సులేషన్ పోలేదు. ఆర్ఆర్ యూనిట్ డయోడ్లు మీటర్లో సరిగ్గానే చూపించాయి. ఒక మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది, తేలింది ఏంటంటే చార్జింగ్‌లో పార్టు ఏదీ పాడవ్వలేదు. ముందు మార్చిన ఆర్ఆర్ యూనిట్ కూడా బహుశా అక్కర్లేకుండానే మార్చారు.

నిజానికి హెడ్‌లైట్ మార్చాక వచ్చిన కంప్లైంట్ అంటే మొదట మీటర్ పెట్టాల్సిన చోటు బ్యాటరీ దగ్గర కాదు, బల్బు దగ్గర. అది కూడా బల్బు వెలుగుతుండగా, కప్లర్ ఊడదీయకుండా, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి, లో బీమ్ వేసి చూశా. బ్యాటరీ మీద 12.3. బల్బు రెండు కాళ్ల మధ్య 9.6! దారిలో 2.7 ఓల్టులు మాయం.

2.7 అంటే చిన్నదిలే అనిపిస్తుంది గానీ హాలోజెన్‌కి అది ప్రాణం తీసేంత. ఓల్టేజ్ తగ్గినంత లెక్కలో వెలుతురు తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంలో పడిపోతుంది. 12.3 రావాల్సిన చోట 9.6 వస్తే వెలుతురు 43 శాతం దగ్గరికి వచ్చేస్తుంది, అంటే సగం కన్నా తక్కువ. 55 వాట్ల బల్బు పెట్టుకుని 35 వాట్ల వెలుతురు కూడా చూడలేకపోయారు పాపం, పైగా ఎర్రటి వెలుతురు.

ఇక్కడి నుంచి అసలు పని. ఆ 2.7 ఎక్కడెక్కడ పోతుందో ముక్కలు ముక్కలుగా వెతకాలి. మల్టీమీటర్ డీసీ ఓల్ట్స్‌లో పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ కాలి మీద. లైటు వెలుగుతూనే ఉండాలి. ఎంత చూపిస్తే అంత ప్లస్ దారిలో పోతున్నట్టు. 1.6 వచ్చింది. అలాగే బ్యాటరీ మైనస్ మీద ఒకటి, బల్బు ఎర్త్ కాలి మీద ఒకటి, 1.1. రెండూ కలిపితే 2.7, లెక్క కుదిరింది. లెక్క కుదరకపోతే ముందుకు వెళ్లొద్దు, ప్రోబ్ ఎక్కడో సరిగ్గా ఆనలేదని అర్థం.

ప్లస్ దారిలో ఒక్కో అడుగు కొలుచుకుంటూ వెళ్తే తాళం స్విచ్ దగ్గర 0.4, హ్యాండిల్ మీద డిప్పర్ స్విచ్ (హై, లో బీమ్ మార్చేది) దగ్గర 0.7, బల్బు హోల్డర్ పిన్ దగ్గర 0.3, మిగతా 0.2 వైర్ల పొడవునా. ఇందులో ఏదీ పగిలిపోయిన పార్టు కాదు, అన్నీ 35 వాట్లకి సరిపోయేలా చేసినవి, కొన్నేళ్లు వానలో ఎండలో తిరిగినవి. డిప్పర్ స్విచ్ విప్పితే లోపల ఇత్తడి పాయింట్ల మీద ఆకుపచ్చ తుప్పు, మధ్యలో కాలిన నల్ల మచ్చ. 4 ఆంప్స్ పారుతూ 0.7 ఓల్టులు అక్కడ పడితే ఆ చిన్న పాయింటు మీద 2.8 వాట్ల వేడి ఎప్పుడూ ఉన్నట్టే, అందుకే స్విచ్ చేతికి వేడిగా తగులుతోంది. పాత బల్బుతో కూడా ఈ డ్రాప్, అంటే దారిలో ఓల్టేజ్ పోవడం, ఉండే ఉంటుంది, కాకపోతే అప్పుడు కరెంటు 2.9 ఆంప్స్, ఇప్పుడు ఫుల్ ఓల్టేజ్ వస్తే 4.6. పాత బల్బుతో కనపడకుండా సర్దుకుపోయిన బలహీనత కొత్త బల్బుతో బయటపడింది, అంతే.

ఎర్త్ వైపు వచ్చిన 1.1 మాత్రం నాకు నచ్చలేదు. ఎర్త్‌లో స్విచ్చులు ఉండవు, అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి. వైరు తీసి కంటిన్యుటీ పెడితే చక్కగా బీప్ కొట్టింది. ఓమ్స్‌లో పెడితే 0.5, అందులో ప్రోబ్ వైర్లదే 0.2, 0.3 ఉంటుంది. ఈ రీడింగ్ చూసి ఎవరైనా వైరు బాగుందనే అంటారు, ముందు చూసినవాళ్లు కూడా అదే చేసి ఉంటారు, వాళ్ల తప్పని నేను అనను. కానీ బీప్ కొట్టడానికి మీటర్ పంపేది మిల్లీ ఆంప్స్, బల్బు అడిగేది 4 ఆంప్స్. వెంట్రుక వాసి కాంటాక్ట్ ఉన్నా బీప్ వస్తుంది. లోడ్ లేకుండా చూసిన ఏ రీడింగూ హెడ్‌లైట్ కేసులో సాక్ష్యం కాదు, ఇది నేను చాలా గట్టిగా చెప్తాను.

సరే మళ్లీ వైరు కలిపి, లైటు వేసి, ప్రోబులు రెండు చోట్లా క్లిప్పులతో బిగించి, మీటర్ ట్యాంకు మీద పెట్టి హార్నెస్ (వైర్ల కట్ట) అక్కడక్కడా చేత్తో కదుపుతూ కూర్చున్నా. ఏమీ మారలేదు. 1.1 అలాగే నిలబడి ఉంది. లేచి పక్కకి వద్దామని హ్యాండిల్ పట్టుకుని ఎడమకి తిప్పా, హెడ్‌లైట్ ఒక్కసారి ఎర్రగా అయిపోయింది, మల్టీమీటర్ 3.9కి ఎగిరింది. బల్బు మీద చూస్తే 7.1. అదే క్షణంలో బండి మీటర్‌లో నీలం లైటు సన్నగా వెలిగింది. పార్కింగ్‌లో తిప్పుకునేటప్పుడు కనిపిస్తుంది అన్నారు కదా ఆయన. హ్యాండిల్ నిటారుగా పెట్టా, మళ్లీ 1.1, నీలం ఆరిపోయింది. నాలుగైదు సార్లు తిప్పి చూశా, ప్రతిసారీ అదే.

నీలం లైటు సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి ఎందుకంటే ఇది బయటికి కనిపించే మంచి గుర్తు. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు, రెండింటికీ ఎర్త్ కాలు ఒకటే. ఆ ఎర్త్ బాగుంటే లో బీమ్ కరెంటు నేరుగా బ్యాటరీ మైనస్‌కి పోతుంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఆ కాలి దగ్గర ఓల్టేజ్ పైకి లేస్తుంది, అప్పుడు కరెంటు ఇంకో దారి చూసుకుంటుంది, హై బీమ్ ఫిలమెంట్‌లోకి వెనక నుంచి ఎక్కి, హై బీమ్ వైరు వెంట మీటర్‌లోని నీలం ఇండికేటర్‌కి వెళ్లి, దాని ఎర్త్ ద్వారా బయటపడుతుంది. ఈ బండిలో మీటర్ ఎర్త్ వేరే వైరు కాబట్టి ఆ దారి తెరిచే ఉంది, ఇండికేటర్ ఎల్ఈడీ కాబట్టి ఆ 3.9 ఓల్టులకే సన్నగా వెలిగింది. లో బీమ్‌లో ఉండగా హై బీమ్ ఇండికేటర్ వెలిగితే మీటర్ పాడైందని విప్పకండి, ముందు హెడ్‌లైట్ ఎర్త్ చూడండి. సైడ్ ఇండికేటర్‌తో పాటు హెడ్‌లైట్ కొట్టుకోవడం కూడా అదే కథ, ముందు ఇండికేటర్లు రెండూ ఇదే ఎర్త్ వైరు మీద ఉన్నాయి, అవి వెలిగినప్పుడల్లా ఆ బలహీనమైన చోట ఇంకొంచెం ఓల్టేజ్ పోతోంది.

ట్యాంకు తీసి హార్నెస్ టేపు విప్పితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పక్కన అసలు చోటు దొరికింది. కొత్త డూమ్ లోతు ఎక్కువ, వైర్లు లోపల పట్టక వెనక్కి లాగి ఫ్రేముకి జిప్ టై వేసి గట్టిగా బిగించేశారు. హ్యాండిల్ ఎడమకి తిప్పిన ప్రతిసారీ కట్ట మొత్తం ఆ జిప్ టై దగ్గర ఒకే పాయింట్‌లో వంగి సాగుతోంది. ఎర్త్ వైరు పై తొడుగు చూడ్డానికి బాగానే ఉంది, ఎక్కడా చీలిక లేదు. వేళ్ల మధ్య పెట్టి కొంచెం కొంచెం జరుపుతుంటే ఒకచోట మెత్తగా, లోపల ఏమీ లేనట్టు తగిలింది. బ్లేడుతో తొడుగు చీల్చా. 0.5 స్క్వేర్ ఎంఎం వైరు, లోపల 16 సన్న తీగలు ఉండాలి. ఒక్కటి కూడా పూర్తిగా లేదు. అన్నీ తెగి, తెగిన కొసలు నల్లబడి, ఆ ప్లాస్టిక్ తొడుగు పట్టుకుని ఉంచడం వల్ల మాత్రమే ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నిటారుగా ఉంటే ఆనతాయి, తిప్పితే దూరం జరుగుతాయి. ఈ వైరు మీద ఒక మనిషి రాత్రిపూట మలుపులు తిరుగుతున్నాడని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరించింది, పూర్తిగా విడిపోయి ఉంటే మలుపు మధ్యలో లైటు పోయేది.

ఇక మూడోది, రెండు రోజులు ఆపితే సెల్ఫ్ కొట్టకపోవడం. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ విప్పి, మధ్యలో మల్టీమీటర్ 10 ఆంప్స్ మోడ్‌లో పెట్టా (ఇలా పెట్టినప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది). 90 మిల్లీ ఆంప్స్ లాగుతోంది. బండి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూశా, ఒక్కదానికీ తగ్గలేదు, అంటే ఫ్యూజు బాక్సు దాటకుండా నేరుగా బ్యాటరీ మీద ఎవరో కూర్చున్నారు. ఎల్ఈడీ రింగుకి ఒక చిన్న కంట్రోల్ బాక్సు ఉంది, రకరకాలుగా మెరిసే మోడ్ల కోసం, దాని ఎర్ర వైరు ఫ్యూజు కూడా లేకుండా బ్యాటరీ ప్లస్‌కి కట్టి ఉంది. రింగు తాళంతోనే ఆరుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, కానీ బాక్సు మాత్రం పగలూ రాత్రీ తింటూనే ఉంది. అది పీకితే 1 మిల్లీ ఆంప్ దగ్గర ఆగింది, అది గడియారం. 90 మిల్లీ ఆంప్స్‌కి 9 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఫుల్లుగా ఉన్నా 100 గంటల్లో ఖాళీ, అసలే ఎప్పుడూ సగం చార్జ్‌లో తిరిగే బ్యాటరీ రెండు రోజులకే చేతులెత్తేయడంలో వింతేం లేదు. ఎర్ర వైరుని తాళం తర్వాత వచ్చే, ఫ్యూజు ఉన్న లైనుకి మార్చా.

వైరింగ్ రిపేరులో ఎర్త్ వైరుకి అతుకు వేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు, హెడ్‌లైట్‌కి విడిగా దారి వేశా. బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంప్స్ ఫ్యూజు, బ్యాటరీకి జానెడు లోపలే, ఎందుకంటే ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకి రక్షణ ఉండదు, అది ఫ్రేముకి రాసుకుంటే మంటే. అక్కడి నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ముందుకి, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు), లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి. ఫ్యూజు నుంచి వచ్చేది 30 నంబర్ కాలికి, బల్బుకి పోయేది 87 నుంచి. పాత హెడ్‌లైట్ వైర్లు ఇక బల్బుని మొయ్యవు, రిలే కాయిల్‌ని మాత్రమే లేపుతాయి, 86కి పాత ప్లస్, 85కి ఎర్త్. కాయిల్ 0.15 ఆంప్స్ మాత్రమే తీసుకుంటుంది కాబట్టి తుప్పు పట్టిన డిప్పర్ స్విచ్చుకి కూడా అది లెక్కలోది కాదు (స్విచ్ శుభ్రం చేసి గ్రీజు పెట్టా, అది వేరే). లోపల డయోడ్ ఉన్న రిలే అయితే 86, 85 తిరగేయకూడదు. బల్బు ఎర్త్ కూడా 2.5 వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కి. ముందు ఇండికేటర్ల ఎర్త్‌ని కూడా ఈ కొత్త వైరుకే కలిపా. ప్లాస్టిక్ హోల్డర్ తీసి సిరామిక్‌ది. రిలేల కాళ్లు కిందికి ఉండేలా బిగించా, నీళ్లు పడినా జారిపోతాయి. కోన్‌సెట్ దగ్గర వైర్లకి వదులు వదిలి, హ్యాండిల్ అటు చివర నుంచి ఇటు చివరకి తిప్పుతూ ఎక్కడా లాగట్లేదని చూశాకే టై వేశా.

ఇంజిన్ ఆపి చూస్తే బ్యాటరీ 12.3, బల్బు 12.0. హ్యాండిల్ ఎటు తిప్పినా కదల్లేదు. గోడ మీద వెలుతురు తెల్లగా పడింది, ఆయన ముఖం చూడాలి అప్పుడు.

అయితే కథ ఇక్కడ అయిపోలేదు, చాలామంది రిలే పెట్టి ఇక్కడే బండి ఇచ్చేస్తారు. డ్రాప్ తీసేస్తే బల్బు ఇప్పుడు నిజంగా 55 వాట్లు తింటుంది, అంటే చార్జింగ్ మీద బరువు తగ్గలేదు, పెరిగింది. డీసీ చూపించే క్లాంప్ మీటర్ (ఏసీ మాత్రమే చూపించే క్లాంపులు ఎక్కువ, కొనేటప్పుడు చూసుకోండి) బ్యాటరీ వైరు చుట్టూ వేసి లైటుతో చూస్తే, రిలేకి ముందు ఐడ్లింగ్‌లో బ్యాటరీ నుంచి 2.8 ఆంప్స్ బయటికి పోయేది, 2300 ఆర్‌పీఎం దాటాక పోయేదీ వచ్చేదీ సమానం అయ్యేది. రిలే పెట్టాక ఐడ్లింగ్‌లో 3.5 పోతోంది, సమానం అవ్వాలంటే 2700 కావాలి. ఆయన తిరిగేది ఎక్కువ ట్రాఫిక్‌లో. బ్రేకు మీద కాలు పెట్టి సిగ్నల్ దగ్గర నిలబడితే బ్రేక్ లైటు 21 వాట్లు అదనం, ఇంకో 1.7 ఆంప్స్.

అప్పుడు మిగతా బల్బుల వైపు చూశా. టెయిల్ లైటు 5, నంబర్ ప్లేటు లైటు 5, ముందు పైలట్ 4, మొత్తం 14 వాట్లు రాత్రంతా ఊరికే వేడిగా పోతున్నాయి. వీటినీ బ్రేక్ లైటునీ ఎల్ఈడీకి మార్చాం, దాదాపు ఒక ఆంప్ మిగిలింది, బ్రేకు నొక్కినప్పుడు ఇంకా ఎక్కువ. ఐడ్లింగ్‌లో లోటు 2.5కి దిగింది, సమానం అయ్యే చోటు 2100కి వచ్చింది. ఇండికేటర్లు మార్చలేదు, మారిస్తే ఫ్లాషర్ (ఇండికేటర్లని ఆర్పి వెలిగించేది) కూడా మార్చాలి, లేకపోతే గబగబా కొట్టుకుంటుంది, అవి ఎప్పుడో వేసేవి కాబట్టి లాభం కూడా తక్కువ.

హెడ్‌లైట్ కూడా ఎల్ఈడీ పెట్టేస్తే ఈ గోలంతా ఉండదు కదా అని ఆయన అడిగారు, న్యాయమైన ప్రశ్నే. లోడ్ తగ్గుతుంది, నిజం. కానీ హాలోజెన్ ఫిలమెంట్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో చాలా ఎల్ఈడీ బల్బులు బీమ్‌ని చెదరగొడతాయి, ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది, మన రోడ్డు మీద పడదు. ఇంకోటి, మంచి డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ ఓల్టేజ్ తగ్గితే కరెంటు ఎక్కువ లాగి వెలుతురు అలాగే నిలబెడుతుంది, అంటే ఆ తెగిన ఎర్త్ వైరు ఇంకొన్నాళ్లు దాక్కుని ఉండేది, తర్వాత ఏదో ఒక మలుపులో ఒక్కసారిగా ఆరిపోయేది. హాలోజెన్ డల్ అయ్యి ముందే చెప్పింది. ఇంకో మాట కూడా, కొన్ని చిన్న, పాత బళ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా కాయిల్ నుంచి ఏసీ మీద నడుస్తుంది, రైజ్ చేస్తే వెలుతురు పెరిగే రకం. వాటికి డీసీ ఎల్ఈడీ పెడితే ఐడ్లింగ్‌లో మిణుకుమిణుకు అంటుంది, బల్బు మీద బల్బు మార్చినా పోదు. హోల్డర్ దగ్గర మీటర్ ఏసీలో పెట్టి ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది.

ఆరు వారాల తర్వాత ఆయిల్ మార్చుకోవడానికి వచ్చారు. సెల్ఫ్ ఒక్కసారి కూడా మొరాయించలేదంట, మూడు రోజులు ఆపినా కొట్టిందంట. పొద్దున్నే బ్యాటరీ 12.6 ఉంది. అయినా లైటు వేసి మళ్లీ అన్ని చోట్లా ప్రోబు పెట్టి చూశా. ఎర్త్ వైపు 0.1, హ్యాండిల్ తిప్పినా అంతే. ప్లస్ వైపు మాత్రం మొత్తం మీద 0.4 వచ్చింది, నేను వదిలినప్పుడు 0.2. వెతికితే నేను పెట్టిన ఫ్యూజు హోల్డర్ దగ్గరే దొరికింది, ఒక లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) క్రింప్ కొంచెం వదులైంది, వేలు పెడితే గోరువెచ్చగా ఉంది. అది కోసేసి, కొత్త లగ్గు వేసి, స్లీవ్ ఎక్కించి మళ్లీ చూశా, ఆ ఒక్క చోట 0.03. బండి ఇచ్చేశా.